ఒకే కంప్యూటర్‌లో మూడు నాలుగు సిస్టమ్‌లు: ఏ బూట్ మేనేజర్ నమ్మదగినది?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తేదీ దాటాక కూడా ఎన్నో ఇళ్లలో, ఆఫీసుల్లో ఆ సిస్టమ్ అవసరం తీరలేదు. పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది. కొత్త డ్రైవర్లు రాని స్కానర్ దానితోనే పనిచేస్తుంది. మరోవైపు రోజువారీ పనికి విండోస్ 11 కావాలి. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఉబుంటు లినక్స్ కావాలి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాతదాన్ని తీసేయకుండా పక్కనే పెట్టి చూసుకోవాలి. ఇవన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉండొచ్చు. డిస్కులో చోటు దొరకడం పెద్ద విషయం కాదు. పవర్ బటన్ నొక్కిన తర్వాత మొదటి కొన్ని సెకన్లలో ఏ సిస్టమ్ లేవాలో ఎవరో ఒకరు తేల్చాలి, చిక్కంతా అక్కడే. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్ పేరు బూట్ మేనేజర్.

దీన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది మెనూ అందంగా ఉందా, బొమ్మలు మార్చుకోవచ్చా అని చూస్తారు. అసలు చూడాల్సినవి రెండు. సిస్టమ్‌ల జాబితాను ఎవరు రాస్తున్నారు, ఎప్పుడు రాస్తున్నారు? అది చెడిపోయిన రోజు మనం బాగుచేసుకోగలమా? ఈ రెండింటికీ జవాబు దొరకాలంటే లోపల ఏం జరుగుతుందో కొంత తెలియాలి.

512 బైట్ల కాలం

ఐబీఎం పీసీ 1981లో వచ్చింది. హార్డ్ డిస్కును భాగాలుగా విడగొట్టే పద్ధతి 1983లో డాస్ 2.0తో వచ్చింది. ఆ పద్ధతిలో డిస్కులోని మొట్టమొదటి సెక్టారే మాస్టర్ బూట్ రికార్డు, పొట్టిగా ఎంబీఆర్. దాని పరిమాణం 512 బైట్లు. అందులో 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు పోతాయి. ప్రోగ్రామ్‌కు మిగిలేది 446 బైట్లే. పవర్ నొక్కగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని బయోస్ అనే ప్రోగ్రామ్ ఆ సెక్టారును మెమరీలోకి తెచ్చి, నడపమని వదిలేస్తుంది. అంతకు మించి దానికి డిస్కు గురించి ఏమీ తెలియదు.

పట్టికలో ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్లు, అంటే నాలుగు పార్టిషన్లకే చోటు. సెక్టార్ల సంఖ్యను 32 బిట్లలో రాయడం వల్ల సుమారు 2.2 టెరాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా వాడుకోలేం. వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఆ 446 బైట్ల చోటు ఒక్కటే కావడం. కొత్తగా వచ్చిన ప్రతి సిస్టమ్ అక్కడ తన ప్రోగ్రామ్‌ను రాసుకునేది. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో మళ్లీ విండోస్ వేస్తే లినక్స్ మాయమైనట్టు కనిపించేది అందుకే. నిజానికి లినక్స్ ఎక్కడికీ పోలేదు, దానికి దారి చూపే కోడ్ మీద ఇంకొకటి పడింది.

ఆ రోజుల్లో లినక్స్ వాళ్లకు తెలిసిన పేరు లిలో. వెర్నర్ అల్మెస్‌బర్గర్ దాన్ని రాశారు. లిలోకు ఫైల్ సిస్టమ్ చదవడం రాదు. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ముందే సంఖ్యలుగా రాసి పెట్టుకునేది. కెర్నల్ మార్చి, లిలో కమాండ్‌ను మళ్లీ నడపడం మరిచిపోతే ఆ సంఖ్యలు తప్పయ్యేవి, కంప్యూటర్ లేచేది కాదు. ఎరిక్ బోలిన్ 1995లో మొదలుపెట్టిన గ్రబ్ ఈ లోపాన్ని సరిచేసింది. అది ఫైల్ సిస్టమ్‌ను స్వయంగా చదువుతుంది, కెర్నల్ ఫైలును పేరుతో వెతికి తెస్తుంది. 1999లో అది గ్నూ ప్రాజెక్టులో భాగమైంది. లిలో అభివృద్ధి 2015లో ఆగిపోయింది.

యూఈఎఫ్‌ఐ వచ్చాక ఏం మారింది

ఇటానియం సర్వర్ల కోసం ఇంటెల్ 1990ల చివర్లో బయోస్‌కు బదులు కొత్త ఫర్మ్‌వేర్ పద్ధతిని రూపొందించింది. 2005లో అనేక కంపెనీలు కలిసి ఏర్పరచుకున్న వేదిక చేతికి వెళ్లి అది యూఈఎఫ్‌ఐ అయింది. ఇప్పుడు అమ్ముడయ్యే లాప్‌టాప్‌లన్నీ దాదాపుగా దీని మీదే నడుస్తాయి.

యూఈఎఫ్‌ఐకి ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు. అందుకే డిస్కులో ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగం ఉంటుంది. విండోస్ తనంతట తాను చేసుకుంటే చాలా యంత్రాల్లో అది 100 ఎంబీ. అందులో ఒక్కో సిస్టమ్ తన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, తనను లేపే ప్రోగ్రామ్‌ను అందులో దాచుకుంటుంది. విండోస్‌ది మైక్రోసాఫ్ట్ ఫోల్డర్, ఉబుంటుది ఉబుంటు ఫోల్డర్, ఫెడోరాది ఫెడోరా ఫోల్డర్. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసను మదర్‌బోర్డు మీదున్న చిన్న మెమరీలో రాసి ఉంచుతారు. పార్టిషన్ల పట్టిక కూడా మారింది. జీపీటీ పద్ధతిలో మామూలుగా 128 పార్టిషన్ల దాకా పెట్టుకోవచ్చు.

దీనివల్ల వచ్చిన లాభం పెద్దది. ఇప్పుడు విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే గ్రబ్ చెరిగిపోదు. విండోస్ వరుసలో తనను మొదటి స్థానంలోకి తెచ్చుకుంటుంది, అంతే. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి వరుస మార్చినా, లినక్స్‌లో ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో మార్చినా పాత వరుస తిరిగి వస్తుంది. బయోస్ రోజుల్లో గంటల తరబడి సాగిన పని ఇప్పుడు ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఒక షరతు మాత్రం మరవకూడదు. కంప్యూటర్‌లోని సిస్టమ్‌లన్నీ ఒకే పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉండాలి. పాత బయోస్ పద్ధతిలో వేసిన విండోస్‌ను యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లేచిన గ్రబ్ లేపలేదు. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ అన్న వరుస దగ్గర యూఈఎఫ్‌ఐ అని ఉందో, లెగసీ అని ఉందో ముందే చూసుకుంటే తర్వాత వచ్చే సగం చిక్కులు ఉండవు.

ఒకే పేరు వల్ల వచ్చే గొడవ

విండోస్, ఉబుంటు, ఫెడోరా వేరువేరు పేర్లున్న వేరువేరు సిస్టమ్‌లు. ఎవరి ఫోల్డర్ వాళ్లది కాబట్టి గొడవ లేదు. ఒకే సిస్టమ్‌కు చెందిన రెండు వెర్షన్లు పక్కపక్కన చేరినప్పుడే కష్టం మొదలవుతుంది. ఒకే వీధిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు ఉంటే ఉత్తరం ఎవరికి చేరుతుందో చెప్పలేం కదా, ఇక్కడా అదే జరుగుతుంది.

ఉబుంటు పాత వెర్షన్ పక్కనే కొత్త వెర్షన్ వేశారనుకుందాం. రెండూ ఉబుంటు అన్న ఒకే ఫోల్డర్‌లో రాస్తాయి. చివరగా రాసినదే గెలుస్తుంది. కొన్ని వారాల తర్వాత పాత వెర్షన్‌లో గ్రబ్ ప్యాకేజీకి అప్‌డేట్ వస్తే అది ఆ ఫోల్డర్‌ను మళ్లీ తన వైపు తిప్పుకుంటుంది. నిన్నటి దాకా కొత్త వెర్షన్ మెనూ చూసిన మనకు ఇవాళ పాత వెర్షన్ మెనూ కనిపిస్తుంది. ఉబుంటు మీద కట్టిన లినక్స్ మింట్ కూడా అదే ఫోల్డర్‌ను వాడుతుంది కాబట్టి ఆ రెండింటి మధ్యా ఇదే గొడవ. ఫోల్డర్ పేరు మార్చి తప్పించుకుందామన్నా కుదరదు. సంతకం చేసిన గ్రబ్ ఫైలులోనే ఆ పేరు ఇమిడి ఉంటుంది.

విండోస్ 10, 11 విషయంలో జరిగేది కొంచెం వేరు. రెండూ మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌నే వాడతాయి, కానీ అందులోని బీసీడీ అనే జాబితాలో రెండింటికీ విడివిడి పద్దులు ఉంటాయి. 2006 చివర్లో విస్టాతో వచ్చిన పద్ధతి ఇది. అంతకు ముందు ఎక్స్‌పీ వరకు బూట్ డాట్ ఐఎన్‌ఐ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉండేది. పాత విండోస్ ముందు, కొత్త విండోస్ తర్వాత వేస్తే ఈ ఏర్పాటు సాఫీగా సాగుతుంది.

ఇందులో దాగిన ప్రమాదం ఒకటుంది. రెండో విండోస్‌ను రెండో డిస్కులో వేసినా, ఇన్‌స్టాలర్ సాధారణంగా మొదటి డిస్కులో ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే వాడుకుంటుంది. ఆ మొదటి డిస్కు పాడైన రోజున, లేదా దాన్ని తీసేసిన రోజున, రెండో డిస్కులో ఏ దెబ్బా తగలని విండోస్ కూడా లేవదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి డిస్కు కేబుల్ తీసి పక్కన పెడితే రెండో డిస్కులో దాని సొంత ఈఎఫ్‌ఐ పార్టిషన్ తయారవుతుంది. రెండు నిమిషాల శ్రమకు దొరికే రక్షణ చాలా పెద్దది.

ఎవరి పనితీరు ఏమిటి

*ఫర్మ్‌వేర్ మెనూ.* ప్రతి యూఈఎఫ్‌ఐ కంప్యూటర్‌లోనూ ఒక బూట్ మేనేజర్ ముందే ఉంది. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే చాలా మోడళ్లలో అది తెరుచుకుంటుంది. చూడ్డానికి సాదాగా ఉంటుంది, ప్రతిసారీ సరైన క్షణంలో మీట నొక్కాలి. కానీ దానికి ఇన్‌స్టాలేషన్ అక్కర్లేదు. డిస్కుకో సిస్టమ్ పెట్టుకున్న వాళ్లకు ఇది ఒక్కటే సరిపోతుంది.

*విండోస్ బూట్ మేనేజర్.* విండోస్ వెర్షన్ల మధ్య ఎంచుకోవడానికి ఇంతకంటే తగినది లేదు. విండోస్ 8 నుంచి వచ్చిన నీలి మెనూలో ఒక లోపం ఉంది. ఆ మెనూ కనిపించే సరికే డిఫాల్ట్ విండోస్ కొంత లేచి ఉంటుంది. రెండోదాన్ని ఎంచుకుంటే కంప్యూటర్ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. బీసీడీఎడిట్ కమాండ్‌తో బూట్ మెనూ పాలసీని లెగసీకి మార్చితే పాత నల్ల మెనూ వస్తుంది, రెండోసారి రీస్టార్ట్ తప్పుతుంది. యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో లినక్స్‌ను ఈ మెనూలో చేర్చాలన్న ప్రయత్నం మాత్రం మానుకోవడమే మేలు. దాన్ని ఆ పనికి తయారు చేయలేదు.

*గ్రబ్.* ఎక్కువ లినక్స్‌లతో పాటే వస్తుంది. పాత బయోస్ యంత్రాల్లోనూ, కొత్త యూఈఎఫ్‌ఐ యంత్రాల్లోనూ నడుస్తుంది. కెర్నల్‌ను తానే లోడ్ చేస్తుంది, విండోస్ అయితే విండోస్ బూట్ మేనేజర్‌ను పిలిచి పని అప్పగిస్తుంది. గ్రబ్ జాబితా ముందే రాసి పెట్టిన ఫైలు. ఓఎస్-ప్రోబర్ అనే చిన్న ప్రోగ్రామ్ డిస్కులన్నీ వెతికి, పక్క లినక్స్‌లో ఏ కెర్నల్ ఉందో ఆ ఫైలులో రాస్తుంది. తర్వాత పక్క లినక్స్‌లో కెర్నల్ మారితే ఈ ఫైలుకు ఆ సంగతి తెలియదు. మొదటి లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్-గ్రబ్ నడిపే దాకా పాత వివరాలే ఉంటాయి. 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి, భద్రత కోసం, ఓఎస్-ప్రోబర్‌ను మామూలుగా ఆపి ఉంచుతున్నారు. లినక్స్ వేశాక మెనూలో విండోస్ కనిపించకపోతే మొదట చూడాల్సింది ఈ సెట్టింగునే.

*రీఫైండ్.* ఇంటెల్ మ్యాక్‌ల కోసం క్రిస్టఫ్ ఫిస్టరర్ రాసిన రీఫిట్ అనే ప్రోగ్రామ్ నుంచి రాడ్ స్మిత్ 2012లో దీన్ని తయారు చేశారు. రీఫైండ్ కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కులను కొత్తగా వెతుకుతుంది. ముందే రాసిన జాబితా మీద ఆధారపడదు కాబట్టి జాబితా పాతబడే సమస్యే లేదు. 2012లోనే వచ్చిన లినక్స్ 3.3 నుంచి కెర్నల్ తానే ఒక ఈఎఫ్‌ఐ ప్రోగ్రామ్‌లా లేవగలదు. ఎక్స్‌ట్4 లాంటి ఫైల్ సిస్టమ్‌లు చదివే డ్రైవర్లు రీఫైండ్ వెంట ఉన్నాయి. అందువల్ల ఒక్కో ఉబుంటు పార్టిషన్‌లోకి నేరుగా వెళ్లి అక్కడి కెర్నల్‌ను లేపుతుంది. ఒకే ఫోల్డర్ కోసం రెండు ఉబుంటులు పోట్లాడుకున్నా దీని దారికి అడ్డురావు. అయితే ఒకే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను పంచుకునే రెండు విండోస్‌లు ఇందులో ఒకే బొమ్మగా కనిపిస్తాయి. వాటి మధ్య ఎంపిక విండోస్ మెనూలోనే జరగాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దీన్ని నడపడానికి అదనంగా కొంత పని చేయాలి. పాత బయోస్ యంత్రాల్లో ఇది పనికిరాదు.

*సిస్టమ్‌డీ-బూట్.* 2012లో గమ్మీబూట్‌గా మొదలై 2015లో సిస్టమ్‌డీలో కలిసింది. చాలా చిన్నది, వేగమైనది. సెట్టింగులు రెండు మూడు వరుసల టెక్స్ట్ ఫైళ్లు. ఎక్స్‌ట్4 లాంటివి చదవదు కాబట్టి కెర్నళ్లన్నీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనో, దానికి తోడుగా చేసిన బూట్ పార్టిషన్‌లోనో ఉండాలి. విండోస్ వదిలిన 100 ఎంబీలో రెండు లినక్స్‌ల కెర్నళ్లు పట్టవు. ముందే ఒక జీబీ కేటాయించుకునే వాళ్లకు ఇది మంచి ఎంపిక.

సంతకాల కాపలా

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ విస్తరించింది. నమ్మిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే ఫర్మ్‌వేర్ లేపుతుంది. ఎక్కువ కంప్యూటర్లలో ఆ నమ్మకం మైక్రోసాఫ్ట్ తాళాల మీద నిలబడి ఉంది. లినక్స్ వాళ్ల కోసం మాథ్యూ గారెట్ షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ తయారు చేశారు. దానికి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, అది గ్రబ్ సంతకాన్ని సరిచూసి లేపుతుంది.

ఈ కాపలాలో కంతలు బయటపడ్డాయి. 2020 జూలైలో ఎక్లిప్సియం సంస్థ బూట్‌హోల్ అనే లోపాన్ని వెల్లడించింది. గ్రబ్ తన సెట్టింగుల ఫైలును చదివే తీరులోనే ఆ తప్పు ఉంది. ఆ ఫైలుకు సంతకం ఉండదు కాబట్టి దాన్ని మార్చినవాళ్లు మొత్తం కాపలాను దాటిపోవచ్చు. ఇలాంటి పాత గ్రబ్‌లను ఒక్కొక్కటిగా నిషేధించడం సాధ్యం కాక, ఫలానా తరం కంటే పాతవాటిని ఒప్పుకోవద్దని చెప్పే ఎస్‌బ్యాట్ అనే ఏర్పాటు తెచ్చారు. 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ ఆ నియమాన్ని లినక్స్ కూడా ఉన్న కొన్ని కంప్యూటర్లలో అమలు చేసింది. పాత షిమ్ ఉన్న లినక్స్‌లు మర్నాడు లేవలేదు. అలాంటి కంప్యూటర్లకు ఆ అప్‌డేట్ వర్తించకూడదని మైక్రోసాఫ్ట్ అనుకున్నా, కొన్నింటిని గుర్తించడంలో పొరపాటు జరిగింది.

దీని నుంచి నేర్చుకోవాల్సింది స్పష్టం. నెలల తరబడి తెరవని లినక్స్‌ను కూడా అప్పుడప్పుడు లేపి అప్‌డేట్ చేయాలి. 2011 నాటి సెక్యూర్ బూట్ ధ్రువపత్రాల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తుండగా వాటి స్థానంలో 2023 నాటివి వస్తున్నాయి కాబట్టి ఈ మాట మరింత ముఖ్యం.

మెనూకు బయట ఉన్న మూడు చిక్కులు

మొదటిది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా మూతపడదు, కెర్నల్ స్థితిని డిస్కులో దాచి నిద్రపోతుంది. ఆ సమయంలో లినక్స్ నుంచి విండోస్ పార్టిషన్‌లో రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. ఒకటికి మించి సిస్టమ్‌లున్న కంప్యూటర్‌లో దీన్ని ఆపేయాలి.

రెండోది విండోస్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్. బూట్ అయ్యే దారి మారిందని టీపీఎం చిప్ గుర్తిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో మనం అడగకుండానే ఈ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. గ్రబ్ ద్వారా వెళ్లినప్పుడు కీ అడుగుతుంటే ఫర్మ్‌వేర్ మెనూ నుంచి నేరుగా విండోస్‌ను లేపి చూడాలి.

మూడోది గడియారం. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం ఉంచుతుంది, లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయం ఉంచుతుంది. అందుకే లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళితే హైదరాబాద్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఐదారు గంటలు ముందుకు పోతుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో స్థానిక సమయానికి మార్చినా, విండోస్ రిజిస్ట్రీలో ప్రామాణిక సమయం వాడమని చెప్పినా సరిపోతుంది. రెండింటిలో ఒక్కటే చేయాలి.

మరి ఏది ఎంచుకోవాలి?

విండోస్ వెర్షన్లే రెండు ఉంటే విండోస్ బూట్ మేనేజర్ చాలు, ఇంకేదీ తేవద్దు. ఒక విండోస్, ఒక లినక్స్ ఉంటే ఆ లినక్స్‌తో వచ్చిన గ్రబ్‌నే ఉంచండి. ఒకే లినక్స్‌కు చెందిన రెండు మూడు వెర్షన్లు, వాటి పక్కన విండోస్ ఉంటే రీఫైండ్ మేలు. బయోస్ మాత్రమే ఉన్న పాత యంత్రమైతే గ్రబ్ వాడండి. రెండు డిస్కులు పెట్టే వీలుంటే డిస్కుకో సిస్టమ్, డిస్కుకో ఈఎఫ్‌ఐ పార్టిషన్ పెట్టుకుని ఫర్మ్‌వేర్ మెనూ వాడటం అన్నింటికంటే భద్రం. నెలకోసారి పది నిమిషాల పనికే రెండో సిస్టమ్ అవసరమైతే పార్టిషన్లు కోయకుండా వర్చువల్‌బాక్స్ లాంటి దానిలో నడుపుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా ప్రతి సిస్టమ్ పక్కదాని సాయం లేకుండా సొంతంగా లేచేలా చూసుకోవాలి. అప్పుడు పైనున్న మెనూ చెడిపోయినా ఫర్మ్‌వేర్ మెనూ నుంచి లోపలికి వెళ్లే దారి మిగులుతుంది. పని మొదలుపెట్టే ముందు ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేయండి, బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసిపెట్టండి, విండోస్ రికవరీ పెన్‌డ్రైవ్ ఒకటి, లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చేసి వాటితో కంప్యూటర్ లేస్తుందో లేదో ఇవాళే పరీక్షించండి.